తుది తీర్పుకు లోబడి మా అమ్మ

ఒక మనిషికి పరీక్ష పెట్టి, ఇంటర్వ్యూ చేసి, నెగ్గావని చెప్పి ఒక కుర్చీలో కూర్చోబెట్టి, ఏళ్ళ తరబడి ఆ కుర్చీ పనంతా చేయించుకుని, చివరికి "మీరు అక్కడ కూర్చున్న మాట నిజమే గాని, కూర్చున్నట్టు లెక్క కాదు" అని చెబితే, ఆ మనిషి స్థానంలో మీరుంటే ఏమని జవాబిస్తారు? తొందరపడకండి. సులువుగా తోచిన జవాబును కాసేపు పక్కన పెట్టి, ఎదుటి పక్షం ఏమంటుందో ముందు ఆలోచించమని కాలేజీ డిబేటింగులో నాకు నేర్పారు. ఈ వ్యవహారంలో ఎదుటి పక్షం ఒక బ్యాంకు. బ్యాంకులు కూడా ఆలోచించే మాట్లాడతాయి.

ఆ మనిషి మా అమ్మ. ఆ కుర్చీ ముషీరాబాద్‌లోని ఒక బ్యాంకు శాఖలో అసిస్టెంట్ మేనేజర్‌ది. బ్యాంకు పేరు రాయను. రాయకపోవడానికి భయం కారణం కాదు. ఇది ఏ బ్యాంకులోనైనా, ఏ ఆఫీసులోనైనా జరగగలదు కాబట్టి, పేరు రాస్తే మీరు ఇది మీది కాదనుకునే ప్రమాదం ఉంది.

నేను బడిలో చదువుతున్న రోజుల్లో అమ్మ ఆ బ్యాంకులో క్లర్కు. ఆఫీసర్ పదోన్నతికి పరీక్ష రాసింది, ఇంటర్వ్యూకు వెళ్ళింది, ఎంపికైంది. ఎంపిక కానివాళ్ళలో కొందరు ఇంటర్వ్యూ మార్కులు సరిగా వేయలేదని హైకోర్టుకు వెళ్ళారు. అది వాళ్ళ హక్కు. కేసు తేలేదాకా ఆగుదామంటే శాఖల్లో ఆఫీసర్లు లేరు. బ్యాంకు మధ్యేమార్గం కనిపెట్టింది. ఎంపికైన వాళ్ళందరినీ "కోర్టు తుది తీర్పుకు లోబడి, పూర్తిగా తాత్కాలిక ప్రాతిపదికన" ఆఫీసర్లను చేసింది. పని మాత్రం పూర్తి పనే. తాత్కాలికంగా తాళాలు తెరవడం, తాత్కాలికంగా చెక్కులు పాస్ చేయడం సాధ్యం కాదు గనుక ఆ సంగతి ఆర్డరులో ఎవరూ రాయలేదు.

తోటివాళ్ళు మిఠాయిలు పంచారు. అమ్మ ఆర్డరు చదివింది. హెడ్డాఫీసు నుంచి కొత్త రబ్బరు స్టాంపు వచ్చింది. దాని మీద అమ్మ పేరు, కింద అసిస్టెంట్ మేనేజర్ అని ఉంది. అమ్మ ఆర్డరునీ స్టాంపునీ పక్కపక్కన పెట్టి చూసి, రెండూ ఒకటి చెప్పడం లేదని తేల్చింది. ఆ సాయంత్రమే నన్ను వెంటబెట్టుకుని ముషీరాబాద్ చౌరస్తా దగ్గర స్టాంపులు చేసే కొట్టుకు వెళ్ళింది. హోదా పక్కన "ప్రొవిజనల్" అన్న మాట చేర్చమంది.

కొట్టాయన స్టాంపును అటూ ఇటూ తిప్పి చూశాడు.

"మేడం, గీ మాట తీసెయ్యమని అడిగేటోళ్ళను జూసిన. పెట్టమని అడిగేటోళ్ళను ఇదే ఫస్టు."

"ఉన్నదే పెట్టమంటున్నానండీ."

"మీ ఇష్టం. గనీ లైను పెద్దగైతది. స్టాంపు కూడ పెద్దది చెయ్యాలె."

అలా మా అమ్మ హోదా తగ్గి, స్టాంపు పెరిగింది.

ఆవిడ ఎందుకు అలా చేసిందో మా ఇంట్లో ఎవరూ అడగలేదు. మా తాతయ్య కృష్ణా జిల్లాలో ఒక మిషన్ స్కూల్లో హెడ్మాస్టర్ పని చేశాడు. పని చేశాడు అంటున్నానే గాని, హెడ్మాస్టర్ అని ఒక్క కాగితం మీద కూడా రాసుకోలేదు. యాజమాన్యం ఆయన్ని ఇన్‌ఛార్జిగా వేసి మరిచిపోయింది. రిటైరయ్యేదాకా "హెడ్మాస్టర్ ఇన్‌ఛార్జి" అనే సంతకం పెట్టాడు. తనకు ఇవ్వని హోదా రాసుకోవడం మా కుటుంబంలో పక్కింటివాళ్ళ గొడుగు అడక్కుండా తీసుకెళ్ళడం లాంటిది. వర్షంలో తడిస్తే తడుస్తాం.

కొన్నేళ్ళకు ఆ పాత కేసును కోర్టు కొట్టేసింది. అంటే అమ్మ వాళ్ళ ఎంపిక సక్రమమేనని తేలింది. బ్యాంకు అందరినీ రెగ్యులర్ చేసింది, కాకపోతే రెగ్యులర్ చేసిన తేదీ నుంచి మాత్రమే. అంతకుముందు ఆఫీసర్లుగా పనిచేసిన ఏళ్ళు సీనియారిటీలోకి రాలేదు. ఈలోగా కొత్త పద్ధతిలో ఎంపికైన మరో జట్టు, వాళ్ళ మీద ఏ కేసూ లేదు గనుక, మొదటి రోజు నుంచే రెగ్యులర్ ఆఫీసర్లయ్యారు. కొత్త జాబితాలో వాళ్ళంతా అమ్మ కంటే పైన ఉన్నారు. వాళ్ళలో ఒకాయన లాలాపేట్ మనిషి, అదే శాఖలో అమ్మ దగ్గర ఆఫీసర్ పని నేర్చుకున్నాడు. ఇప్పుడు అమ్మ సెలవు చీటీ మీద సంతకం పెట్టేది ఆయనే.

ఇందులో అమ్మకు పోయేదేమిటో తేటగా చెబుతాను. మేనేజర్ ఇంటర్వ్యూకు పిలవాలంటే ఆఫీసర్‌గా ఇన్నేళ్ళ రెగ్యులర్ సర్వీసు ఉండాలని నిబంధన. ఆ తాత్కాలికపు ఏళ్ళు లెక్కకొస్తే రిటైరయ్యే లోపు అమ్మకు ఒక్కసారి ఆ ఇంటర్వ్యూ గదిలోకి వెళ్ళే అర్హత ఉంటుంది. రాకపోతే ఆ ఒక్కసారి కూడా లేదు.

 ఆ జాబితా వచ్చేనాటికి నేను లా కాలేజీలో చేరాను, తార్నాకలో మా ఫ్లాటు నుంచి క్యాంపస్‌కు నడిచి వెళ్ళేదాన్ని. కొన్నాళ్ళ తర్వాత ఒక పొద్దున చెప్పులేసుకుంటూ, "అమ్మాయ్, నీ చదువులో దీనికేమైనా జవాబుందా? అన్నేళ్ళు నేను చేసిన పని, ఎవరు చేసినట్టు?" అని అడిగింది. నేను జవాబు వెతికేలోగా లిఫ్టు వచ్చింది. ఆవిడ వెళ్ళిపోయింది.

మేం కుదుర్చుకున్న లాయరు గారు అరవై దాటిన ఆవిడ, ముషీరాబాద్‌లో పుట్టి పెరిగింది. ఆవిడ ఆఫీసు తార్నాకలో ఒక కోచింగ్ సెంటరు పై అంతస్తులో ఉంది. ఆ కోచింగు బ్యాంకు పరీక్షలకే. మా అమ్మ బ్యాంకు మీద కేసు గురించి చెప్పుకుంటున్నంతసేపూ, కింద వంద గొంతులు బ్యాంకులో చేరడం ఎలాగో వల్లెవేస్తూ వినిపించేవి.

"అమ్మా, బ్యాంకు ఒక్కదాని మీద ఏస్తే నడ్వదు," అంది లాయరు గారు. "మీరు గెలిస్తే కిందికి జరిగేటోళ్ళు ఉంటరు గద. వాళ్ళను కూడ ప్రతివాదులను చెయ్యాలె. లేకుంటే మా మాట వినకుండ ఎట్ల తీర్పిచ్చిన్రని రేపు వాళ్ళొస్తరు."

"మా శాఖాయన్ని కూడానా? ఆయన నాకేం చేశాడండీ?"

"ఏం చెయ్యలే. మీ ముందట నిలవడ్డడు. గంతే."

అమ్మకు ఇది మింగుడు పడలేదు. నోటీసు ఆయనకు పోస్టులో చేరడం మర్యాద కాదని, మర్నాడు మధ్యాహ్నం భోజనాల వేళ తనే చెప్పింది. ఆ సంభాషణ నాకు ఇద్దరూ వేర్వేరుగా చెప్పారు, ఇద్దరి కథనాలూ కలిశాయి. మా నాన్న దృష్టిలో సాక్ష్యంగా ఇది చాలా అరుదైన విషయం. ఆయన లెక్కల మాస్టారుగా రిటైరయ్యాడు, ఏ ఇద్దరి జవాబులూ కలవడం పెద్దగా చూడలేదు.

"మీకు కోర్టు నుంచి నోటీసు వస్తుందండీ. నేనే వేయించాను. ఏమీ అనుకోకండి."

"ఏంది మేడం, నా మీద కేసేసి నాకే చెప్తున్రా?"

"మీ మీద కాదు. జాబితాలో మీ నంబరు మీద."

"నంబరు నాదే గద మేడం!" అని ఆయన డబ్బా మూత పెట్టేశాడట. కాసేపటికి మళ్ళీ తీశాడట. "చూడున్రి, ఉన్నది ఉన్నట్టు చెప్త. మీరు గెలిస్తే నేను కిందికి దిగుత. గది నాకిష్టం లేదు. నాగ్గూడ ఇంటర్వ్యూ ఉన్నది. గనీ పని మీరు నేర్పలేదని నేనెక్కడ చెప్పను. మా లాయరు చెప్పమన్నా చెప్పను."

"నేర్పానో లేదో కోర్టుకు అక్కర్లేదంటండీ."

"మరేం గావాల్నంట కోర్టుకు?"

"తేదీలు."

విచారణ రోజున ఇద్దరికీ కోర్టులో పని. అమ్మ సెలవు చీటీలో కారణం అనే చోట "సీనియారిటీ వివాదంలో హాజరు" అని పూర్తిగా రాసింది. సొంత పని అని రాస్తే సరిపోతుందని నేనన్నాను. సొంత పని కాదు గదా, ఆఫీసు పనే గదా అంది. ఆ చీటీ ఆయన చేతికే వెళ్ళింది. ఆయన మంజూరు చేసి, తన చీటీ మేనేజర్ దగ్గరకు తీసుకెళ్ళాడు. ఇద్దరూ తార్నాకలో ఒకే మెట్రో ఎక్కారు, పరేడ్ గ్రౌండ్స్‌లో కలిసి మారారు, ఎంజీబీఎస్‌లో దిగి ఒకే ఆటోలో హైకోర్టు గేటు దగ్గరికి వెళ్ళారు. పిటిషనరూ ప్రతివాదీ ఆటో కిరాయి విషయంలో మాత్రం రాజీ పడలేక, ఇద్దరూ ఇవ్వబోయారు. ఆ రోజు కేసు పిలుపుకు రాలేదు. మళ్ళీ ఒకే ఆటోలో తిరిగి వచ్చారు.

ఇలా చాలా రోజులు వెళ్ళి వచ్చారు. ఈ దేశంలో కోర్టుకు వెళ్ళడం అంటే ఎక్కువగా వెళ్ళి రావడమే.

బ్యాంకు చివరకు తన జవాబు దాఖలు చేసింది. తుది వాదనలు దగ్గర పడుతున్నాయనగా నాకొక ఆలోచన వచ్చింది. మా డిబేట్ బృందంలో ఒక కట్టుబాటు ఉంది. ఎవరిది ఏ పక్షమో బొమ్మా బొరుసూ తేలుస్తుంది. నమ్మిన పక్షాన ఎవరైనా మాట్లాడతారు, నమ్మని పక్షానికి న్యాయం చేయడమే శిక్షణ అని మా సీనియర్లు పెట్టిన నియమం. ఆ సీనియర్ల సీనియారిటీని ఎవరూ సవాలు చేయలేదు. అమ్మ కేసునే అంశంగా పెట్టి ఒకసారి వాదించుకుంటే, బ్యాంకు వాదనలో ఇంకా ఏమనగలదో ముందే తెలుస్తుంది గదా అనిపించింది. బ్యాంకులకు సెలవైన రెండో శనివారం చూసి, క్యాంపస్‌లో ఖాళీగా ఉన్న ఒక తరగతి గది తెరిపించాం. అమ్మ జంతికల డబ్బాతో వచ్చి చివరి బెంచీలో కూర్చుంది.

నాణెం ఎగరేశారు. నాకు బ్యాంకు పక్షం వచ్చింది. అమ్మ పక్షం నా స్నేహితురాలికి వచ్చింది. తను నల్గొండ వైపు రైతుల ఇంటి పిల్ల, హాస్టల్లో ఉంటుంది, ఓడిపోవడం అస్సలు పడదు.

నేను నియమం ప్రకారమే మాట్లాడాను. ఆర్డరులో షరతు స్పష్టంగా ఉంది. ఇష్టం లేకపోతే వద్దనవచ్చు, ఎవరూ వద్దనలేదు. తర్వాతి జట్టువాళ్ళు ఏ షరతూ లేకుండా వచ్చారు, ఎవరి మీదో పడిన కేసుకు వాళ్ళెందుకు నష్టపోవాలి? ఇక్కడిదాకా గది మామూలుగానే ఉంది. తర్వాత నేను కేసు కాగితాల్లోంచి అమ్మ సంతకం చేసి, ఆ స్టాంపు వేసిన పాత పత్రం నకలు ఒకటి పైకెత్తి చూపించాను.

"పిటిషనర్ తన హోదా తాత్కాలికమని ఎరుగుదురా అని ప్రశ్న. ఎరగడమే కాదు, ఆ మాటను స్వయంగా స్టాంపు మీద చెక్కించుకున్నారు. బ్యాంకు ఇచ్చిన స్టాంపులో ఆ మాట లేదు. అన్నేళ్ళ పాటు, వేసిన ప్రతి ముద్రలోనూ, నేను తాత్కాలికం అని ఆవిడే ప్రకటించారు. ఇప్పుడు కాదంటే, అప్పుడు వేసిన ముద్రలన్నీ అబద్ధమా?"

నా స్నేహితురాలు లేచి నిలబడింది.  సమయం అయిపోయిందని గంట కొట్టారు. న్యాయనిర్ణేతలుగా కూర్చున్న వాళ్ళు బ్యాంకు గెలిచిందన్నారు. జంతికలు అందరికీ పంచారు.

 తార్నాక సిగ్నల్ దగ్గర రోడ్డు దాటడానికి నిలబడ్డప్పుడు అమ్మ అంది, "నువ్వు చెప్పింది సబబుగానే ఉంది."

"అది నా అభిప్రాయం కాదమ్మా. నాణెం అలా పడింది."

"ఎవరి అభిప్రాయమైతే ఏంటి? సబబే గదా. నేనే వేసుకుని, నేనే కాదంటే ఎలా?"

"అయితే ఏం చేద్దామంటావు?"

"లాయరు గారికి ఫోన్ చేసి కేసు వెనక్కి తీసుకుంటానని చెప్తాను."

సిగ్నల్ పడింది. ఆవిడ ఎప్పటిలాగే జీబ్రా గీతల మీదే దాటింది. ఆ సిగ్నల్ దగ్గర అలా దాటేది నాకు తెలిసి ఆవిడ ఒక్కతే.

అనుకున్నట్టే ఫోన్ చేసింది. లాయరు గారి గొంతు గదంతా వినిపించింది. "వాపస్ తీసుకునుడేంది? నిజం రాసినందుకా? సోమవారం రాండ్రి, మాట్లాడుదాం. అప్పటిదాక ఎవ్వరికి ఏం చెప్పకున్రి. ముఖ్యంగ ఆ లాలాపేట్ సారుకు చెప్పకున్రి!"

ఆదివారం మేం చర్చి నుంచి వచ్చేసరికి నా స్నేహితురాలు మా గుమ్మం ముందు కూర్చుని ఉంది.

"నిన్నటి సంది నిద్ర వడ్తలేదు ఆంటీ," అంటూ లోపలికి వచ్చింది. నాకేసి చూడలేదు. "ఓడిపోయినందుకు గాదు. అంటే, ఓడిపోయినందుకే. ఒక్క ముచ్చట అడుగుత, చెప్పున్రి. మీరు ఆ ముద్రేసి పాస్ చేసిన చెక్కు ఏదన్న ఒకటి, ఇది తాత్కాలిక ఆఫీసర్ ముద్ర, చెల్లదని వాపస్ వచ్చిందా?"

"ఎందుకొస్తుంది?"

"లోన్ కాగితాలు?"

"అవీ చెల్లాయి. చెల్లకపోతే శాఖ నడవద్దూ?"

"మరి బ్యాంకోళ్ళు ఎన్నడన్న, గా మాట తీసెయ్యమని గనీ, ఉంచమని గనీ చెప్పిన్రా?"

"వాళ్ళు చూసినట్టే లేరు."

"గదే ఆంటీ! ముద్రల ఆ మాట ఉన్నా మీ పని పూర్తి ఆఫీసర్ పనే అని బ్యాంకు ఒప్పుకున్నట్టే గద. చెక్కులకు చెల్లిన ముద్ర మీ సర్వీసుకు ఎట్ల చెల్లదు?" అని, అప్పుడు నా వైపు తిరిగి, "చెప్పవే ఇప్పుడు, నీ బ్యాంకు ఏమంటది?" అంది.

నేను బ్యాంకు దాఖలు చేసిన జవాబు తీసి మళ్ళీ తిరగేశాను. 

మా నాన్న పేపరు పక్కన పెట్టాడు. "ఏమోయ్," అన్నాడు అమ్మతో, "ఆర్డరులో ఉన్నదే రాసుకున్నావు, ఆర్డరులో ఉన్న షరతు ఏంటి? పాత కేసు తేలేదాకా అని. పాత కేసు తేలిందా లేదా?"

"తేలింది."

"ఎటు తేలింది?"

"మా వైపే."

"మరి నువ్వు నిజం రాసి తప్పు చేశానని బెంగ పెట్టుకుంటావేంటి? నిజం అప్పటికి నిజం. షరతు తీరాక అదీ తీరింది."

అమ్మ వంటింట్లోకి వెళ్ళింది. కుక్కర్ పెట్టిన చప్పుడైంది. లోపలి నుంచే, "ఆ పిల్లని భోంచేసి వెళ్ళమను," అంది. కేసు వెనక్కి తీసుకునే సంగతి మళ్ళీ ఎత్తలేదు. సోమవారం మేం ముగ్గురం లాయరు గారి దగ్గరికి వెళ్ళాం. ఆవిడ అంతా విని, నా స్నేహితురాలిని పైనుంచి కిందదాకా చూసి, "ఇంక ఎన్నేళ్ళున్నది నీ చదువు? అయిపోంగనే ఇక్కడికి రా. జీతం మాత్రం అడగకు," అంది. కింద కోచింగులో ఎవరో రైళ్ళ వేగాల లెక్క చెబుతున్నారు.

తుది వాదనల రోజు నేను వెనక వరసలో నిలబడ్డాను. బ్యాంకు లాయరు నేను క్యాంపస్‌లో చెప్పిన వరసలోనే మూడు మాటలూ చెప్పాడు, మూడోది స్టాంపే. నా కంటే బాగా చెప్పాడని ఒప్పుకోవాలి. మా లాయరు గారు లేచి, ఆ ముద్రతో జారీ అయిన కాగితాలు చెల్లుతాయని బ్యాంకు అంటుందా, చెల్లవని అంటుందా, ముందు అది చెప్పమనండి అంది. న్యాయమూర్తి ఆ ప్రశ్ననే బ్యాంకు వైపు తిప్పారు. బ్యాంకు లాయరు సూచనలు తీసుకోవడానికి వాయిదా కోరాడు. చెల్లవంటే ముషీరాబాద్ శాఖలో సగం బీరువాలకు సమాధానం చెప్పుకోవాలి. తర్వాతి వాయిదాకు బ్యాంకు, ఆ పత్రాలన్నీ అన్ని విధాలా చెల్లుబాటు అవుతాయని ప్రమాణపత్రం ఇచ్చింది. మా అమ్మ పని గురించి బ్యాంకు ఇచ్చిన మొట్టమొదటి ప్రశంస అదే.

తీర్పు అమ్మకు అనుకూలంగా వచ్చింది. నిబంధనల ప్రకారమే ఎంపిక జరిగింది, మధ్యలో విరామం లేకుండా పని చేసింది, షరతు పెట్టిన పాత కేసు కొట్టుడు పోయింది, కాబట్టి మొదటి రోజు నుంచీ సర్వీసు లెక్కించి సీనియారిటీ ఇవ్వమన్నారు. ఉత్తర్వు పిటిషనర్‌కు మాత్రమే వర్తిస్తుందని కూడా అందులో ఉంది. ఆ రోజూ అమ్మా లాలాపేట్ ఆయనా ఒకే ఆటోలో వచ్చారట. ఎంజీబీఎస్ మెట్లు ఎక్కుతూ ఆయన, "మేడం, కంగ్రాట్స్ చెప్పాల్నని ఉన్నది, గనీ ఇవ్వాళ చెప్పలేను. రేపు చెప్త," అన్నాడట. మర్నాడు ఆఫీసుకు రాగానే చెప్పాడట.

బ్యాంకు అప్పీలు చేసింది. పై బెంచి, ఉత్తర్వు అమలు చేయండి, అయితే అది అప్పీలు ఫలితానికి లోబడి ఉంటుంది అంది. సవరించిన జాబితా వచ్చింది. అమ్మ పేరు పైకి జరిగింది. పేరు పక్కన ఒక చుక్క, పేజీ అడుగున ఆ చుక్కకు వివరణ: తుది తీర్పుకు లోబడి, తాత్కాలికంగా.

నాన్న చాలాసేపు నవ్వాడు. "పరీక్ష మళ్ళీ పాసయ్యావు," అన్నాడు. "అదే తరగతిలో వేశారు."

నవ్వు ఎక్కువ రోజులు నిలవలేదు. మేనేజర్ ఇంటర్వ్యూకు అర్హుల జాబితా తయారవుతోందని తెలిసింది. సీనియారిటీ ఖరారైన వాళ్ళనే తీసుకుంటారని, చుక్క ఉన్నవాళ్ళ సంగతి అప్పీలు తేలాక చూస్తారని సిబ్బంది విభాగంలో నోటిమాటగా చెప్పారు. అప్పీలు ఎప్పుడు తేలుతుందో ఎవరికీ తెలియదు. అమ్మ ఎప్పుడు రిటైరవుతుందో మాత్రం అందరికీ తెలుసు.

ఆ సాయంత్రం అమ్మ భోజనాల బల్ల దగ్గర కూర్చుని, నన్ను టైపు చేయమని, తను చెప్పింది. లాయరు గారిని అడుగుదామా అన్నాను. అక్కర్లేదంది. "నా సీనియారిటీ తాత్కాలికమని మీరు జాబితాలో రాశారు. అది ఎప్పటివరకు తాత్కాలికమో, అప్పటివరకు నేను ఇంటర్వ్యూకు అర్హురాలినో కాదో, కాదంటే ఏ నిబంధన ప్రకారం కాదో, దయచేసి రాతపూర్వకంగా తెలియజేయగలరు." అంతే. కోర్టు ఉత్తర్వు జతచేసింది. ఇన్నేళ్ళలో ఎప్పటివరకు అని ఆవిడ అడగడం నేను వినడం అదే మొదటిసారి.

దానికి జవాబు రాలేదు. ఆ ప్రశ్నకు జవాబు రాయాలంటే ఎవరో ఒకరు ఒక కారణం కింద తమ పేరుతో సంతకం పెట్టాలి, పెట్టడానికి ఎవరూ ముందుకు రాలేదని తర్వాత తెలిసింది. జవాబుకు బదులు ఇంటర్వ్యూ పిలుపు వచ్చింది.

అమ్మ వెళ్ళింది. ఆఫీసర్‌గా మీ అనుభవం ఎంత అని మొదటి ప్రశ్న అడిగారట. "ఏ లెక్క ప్రకారమండీ?" అని అడిగానని ఇంటికొచ్చి చెప్పింది. బోర్డులో ఒకాయన నవ్వాడట, ఇద్దరు నవ్వలేదట. ఇది రాస్తున్న నాటికి ఫలితం రాలేదు. అప్పీలూ తేలలేదు. మేనేజర్ పదవి రావచ్చు, రాకపోవచ్చు. కాని ఆ గదిలోకి వెళ్ళే హక్కు ఉందా లేదా అన్నదే మా ఇంట్లో ఇన్నాళ్ళ ప్రశ్న. ఆవిడ వెళ్ళి వచ్చింది.

అమ్మతో పాటు ఆనాడు తాత్కాలికంగా ఆఫీసర్లైన వాళ్ళు ఇంకా ఉన్నారు. వాళ్ళ ఎంపికా ఆ పరీక్షలోనే జరిగింది, ఆ ఏళ్ళే పోగొట్టుకున్నారు. తీర్పు వచ్చాక వాళ్ళు అమ్మకు ఫోన్ చేసి అభినందించారు, బ్యాంకుకు ఫోన్ చేసి మా సంగతేమిటని అడిగారు. మీరు కోర్టుకు రాలేదు గదా అని ఫోన్లోనే చెప్పారు. వాళ్ళలో ఎవరికీ పిలుపు రాలేదు. వాళ్ళ అర్హతలో లోటేమీ లేదు. వాళ్ళు కాగితం మీద అడగలేదు, అందుకని కాగితం మీద జవాబివ్వాల్సిన అవసరం ఎవరికీ కలగలేదు. ఇప్పుడు కోర్టుకు వెళితే ఏమవుతుందని లాయరు గారిని అడిగాను. "ఇన్నేళ్ళు ఎందుకు ఊకున్నవని, మొట్టమొదలు గదే అడుగుతరు," అంది.

కాబట్టి మీతో ఒక మాట. మీ పేరు పక్కన ఎక్కడైనా తాత్కాలికం, ఇన్‌ఛార్జి, అడ్‌హాక్, తదుపరి ఉత్తర్వుల వరకు లాంటి మాట ఉంటే, ఈ వారంలోనే మీ ఆర్డరు తీసి చదవండి. ఎప్పటివరకు అని, ఈ కాలం నా సర్వీసులో లెక్కకొస్తుందా రాదా అని, మీ కార్యాలయాన్ని రాతపూర్వకంగా అడగండి, అందినట్టు సంతకం తీసుకోండి. మీతో పాటు అదే ఆర్డరు అందుకున్నవాళ్ళను కూడా కూర్చోబెట్టి అడిగించండి. ఒకవేళ మీరు ఆర్డర్లు రాసే కుర్చీలో ఉన్నవారైతే, ఈసారి ఆ మాట రాసేటప్పుడు దాని పక్కన ఒక తేదీ కూడా రాయండి.